ప్రిమ్‌రోజ్‌కు పెట్టని రొట్టెముక్క

ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో, కాబ్డెన్ వీధిలో, ఆ రోజుల్లో తెల్లవారిందంటే సూర్యుడు వచ్చాడని కాదు, ప్రిమ్‌రోజ్ వచ్చిందని. సూర్యుడు ఆ ఊళ్ళో ఎటూ మాటమీద నిలబడే రకం కాదు.

ప్రిమ్‌రోజ్ పాలబండి గుర్రం. హెర్బర్ట్ క్లెగ్ దానితో పదకొండేళ్ళుగా ఇంటింటికీ పాలసీసాలు వేస్తున్నాడు. అతను చెప్పకుండానే, ఒక్కో గడపలో పెట్టిన రొట్టెముక్క తిని అది తనంతట తానే పక్క గడపకు నడిచి నిలబడేది. కళ్ళెం ఉందిగానీ పని కళ్ళతోనే జరిగిపోయేది.

అలాంటిది 1955లో పాల కంపెనీవాళ్ళు కరెంటు బండ్లు కొన్నారు. మంగళవారం పిండర్ అనే అధికారి జేబుగడియారంతో వచ్చి బండిలో కూర్చుంటాడట. ఎనిమిదింటిలోగా వీధంతా అయితే గుర్రం ఉంటుంది, కాకపోతే పోతుంది. రోజూ అయ్యేది ఎనిమిదీ ఇరవైకి.

సోమవారం హెర్బర్ట్ ముప్పై తలుపులూ తట్టాడు. మొదటి తలుపు మిసెస్ హోల్‌రాయిడ్‌ది.

“అమ్మా, రేపొక్కరోజు దానికి రొట్టెముక్క పెట్టకండి. ఇంటింటా ఆగి నములుతుంటే టైమంతా దాని కడుపులోకే పోతోంది.”

“పెట్టకపోతే మళ్ళీ నా మొహం చూస్తుందా అది?”

“రేపు గట్టెక్కితే ఎల్లుండి రెండు పెడుదురుగాని.”

“సరేలే. నువ్వు మాత్రం గడ్డం గీసుకుని రావయ్యా. ఆ దొర నిన్ను చూసి, గుర్రాన్ని ఉంచి నిన్ను పంపించేయగలడు.”

మంగళవారం ఆరున్నరకు, సన్నటి తుంపరలో, పిండర్ బండెక్కాడు. హోల్‌రాయిడ్ గడపలో సీసాలు పెట్టి హెర్బర్ట్ వెనక్కి తిరిగాడు. గుర్రం కదల్లేదు. తలుపు వంకే చూస్తోంది. తలుపు తెరుచుకోలేదు. నాలుక చప్పరించాడు, మెడ నిమిరాడు, “పద తల్లీ” అని బతిమాలాడు. పక్క నాలుగిళ్ళకూ సీసాలు చేతుల్లో మోసుకెళ్ళి వచ్చి చూస్తే అక్కడే ఉంది. పాలు వేసేవాడికే ఏం చేయాలో పాలుపోలేదు.

“దానికి ఒంట్లో బాలేదా?” అన్నాడు పిండర్.

“లేదు సార్. ఆలోచిస్తోంది.”

“గుర్రాలు కూడా ఆలోచిస్తాయా?”

“కంపెనీలో ఎవరో ఒకరు ఆలోచించాలి కద సార్.”

ఏడూ ఇరవై అయింది. ప్రిమ్‌రోజ్ ముందుకాళ్ళు రెండూ మెట్టుమీద పెట్టి, ముక్కుతో తలుపు నెట్టి, తలకాయ ఇంట్లోకి దూర్చింది. లోపల ఏదో కిందపడి పగిలింది. తెర వెనక మిసెస్ హోల్‌రాయిడ్ రొట్టెముక్క గుప్పిట్లో నలుపుకుంటూ ఏడుస్తోంది.

అప్పుడు తట్టింది హెర్బర్ట్‌కు. ఇన్నేళ్ళూ అతను ఆలస్యమనుకున్నది ఆలస్యం కాదు. ఆ ముక్కే దానికి “ఇక్కడి పని అయింది, ఇక పద” అన్న మాట.

“పెట్టండమ్మా! అందరూ పెట్టేయండి!” అని వీధి అదిరేలా అరిచాడు.

ముప్పై తలుపులూ భళ్ళున తెరుచుకున్నాయి. రొట్టె అంచులు, క్యారెట్ తోకలు, ఒకావిడైతే మొగుడి గంజిగిన్నె. గుర్రం నమిలింది, కదిలింది, నమిలింది, కదిలింది. ఆఖరి ఇల్లు అయ్యేసరికి తొమ్మిదీ పది.

పిండర్ గడియారం మూత మూశాడు. “ఏం జరిగిందో నాకు అర్థమైందయ్యా క్లెగ్. కానీ నా కాగితంలో అర్థమైనవి రాసే గడి లేదు. గంటలు రాసేదే ఉంది.”

శనివారం తర్వాత ప్రిమ్‌రోజ్‌ను టాడ్‌మోర్డెన్ దగ్గర ఒక పొలానికి పంపేయాలని తేలింది.

ఆ శనివారం హెర్బర్ట్ గడియారం ఇంట్లోనే వదిలేశాడు. పాలు పోయించుకున్నవాళ్ళందరూ ఆ గుర్రం వీడ్కోలులో పాలు పంచుకోవడానికి మెట్లు దిగి వచ్చారు. గడపగడపకూ పావుగంట. ఆ ఉదయం కాబ్డెన్ వీధి మొత్తం, ఇంగ్లండు మొత్తంలో ఎన్నడూ లేనట్టు, పాలు లేని నల్లటి టీ తాగింది. ఒక్క కిటికీలోంచి కూడా “పాలేవయ్యా?” అన్న కేక వినబడలేదు.

మధ్యాహ్నం దాటాక ఆఖరి ఇంటికి చేరారు. ముసలి సగ్డెన్ నల్లటీ కప్పుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. హెర్బర్ట్ సీసా అందించబోయాడు.

“ఇప్పుడే ఇవ్వకయ్యా,” అన్నాడు సగ్డెన్. “నాకేం తొందర లేదు.”