తలుపు గడియ, టీ గడి

“వర్క్ స్లోనా? ఎవులు సెప్పినారు బాబూ?” అంటూ నూకయ్య సుత్తి కింద పెట్టేశాడు. పెద్ద ఫిట్టరు సుత్తి దింపితే షెడ్డంతా దింపినట్టే. నెమ్మదిగా పనిచేయమని యూనియన్ చెప్పిందనుకుని నలుగురు అప్పుడే గోనెపట్టాలు పరిచేశారు.

“స్లో కాదయ్యా, ఫ్లో! వర్క్ ఫ్లో! పని ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోతుందో కంప్యూటర్లో పెట్టాలి!” గుమాస్తా గణపతిరావు గొంతు చించుకున్నాడు. పరిచిన పట్టాలు చుట్టేశారు, బాధగా.

తొంభైమూడు మే నెల. ఖరగ్‌పూర్ ఎండకి ఇనప పట్టాలకే చెమటలు పడుతున్నాయి. ఆ రైల్వే షెడ్డు మొత్తానికి ఏసీ ఒక్క కంప్యూటర్ గదికే. గణపతిరావు గణకయంత్రం నేర్చింది ఆ చల్లగాలి కోసమే. శనివారం పెద్దాఫీసు నుంచి ఘోషాల్ సాహెబ్ తనిఖీకి వచ్చేసరికి ఒక్క పనైనా మొదటి గడి నుంచి చివరి గడి దాకా నడిపి చూపిస్తే గది అతనిది. లేదా, మళ్ళీ పాత రికార్డుల గదికి, పందికొక్కుల పక్కకి.

ప్రోగ్రాంలో పనికి ఎన్ని మెట్లుంటే అన్ని గడులు, గడికీ గడికీ మధ్య బాణం. ఒక మెట్టు పూర్తయితే ఆ గడి పచ్చబడుతుంది, పని ముందుకి నడుస్తుంది. గడులు మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. బోగీ తలుపుకి గడియ బిగించే పని ఎంచుకుని, ఎవరేం చేస్తారో అడగడానికి బయల్దేరాడు.

“తలుపు సూస్తాను. టీ తాగుతాను. బోల్టు బిగిస్తాను. అంతే బాబూ,” అన్నాడు నూకయ్య.

సాహెబ్ చూస్తే పరువు పొడి, అందులోనూ టీపొడి అవుతుందని గణపతిరావు ‘టీ’ కొట్టేశాడు.

“ఫోర్‌మన్ సంతకం లేందే బోల్టు ఇచ్చేదేటి?” అన్నాడు స్టోరు చూసే రిచర్డ్.

“బోల్టు కంటితో చూడందే సంతకం పెట్టను. ఇరవయ్యేళ్ళుగా ఇదే నా పద్ధతి,” అన్నాడు ఫోర్‌మన్ పరబ్రహ్మం.

రెండూ గడుల్లో పెట్టాడు. ఇది కదిలితేగాని అది కదలదు, అది కదిలితేగాని ఇది కదలదు. బోల్టు లేక పని బోల్తా!

“మరి ఇన్నాళ్ళూ తలుపులు ఎలా బాగయ్యాయండీ?”

పరబ్రహ్మం పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “అవుతున్నాయిగా!”

శనివారం పది గంటలు. ఇక గది దక్కదని గణపతిరావు తన కుర్చీ మీది దిండు చంకన పెట్టుకుని, ఏసీకి దణ్ణం పెట్టి, గేటు బయట టీకొట్టుకి నడిచాడు.

అక్కడ బల్లమీద మూడు గ్లాసులు. రిచర్డ్ బోల్టు చేతిలో పట్టుకుని చూపించాడు. పరబ్రహ్మం దాన్ని చూస్తూనే సంతకం గీకాడు. పెళ్ళిలో దండలు మార్చుకున్నట్టు కాగితం అటు, బోల్టు ఇటు. పక్కనే టీ ముగించిన నూకయ్య బోల్టు అందుకుని వెళ్ళిపోయాడు.

గణపతిరావు దిండుతో సహా కంప్యూటర్ గదికి పరుగెత్తాడు.

పదకొండుకి సాహెబ్ వచ్చాడు. చూసే వంకతో షెడ్డంతా ఏసీలోకి దూరింది. గుమ్మం బయట చెప్పులు కుప్ప. సాహెబ్ తెరమీద ఒక గడి మీద వేలు పెట్టాడు.

“ఎటా కీ?” ఇదేమిటని బెంగాలీలో అడిగాడు.

“ఏటా? టీ బాబూ!” అన్నాడు నూకయ్య.

“ఎవరి తప్పూ లేదు సార్,” గణపతిరావు అందరికీ వినపడేలా అరిచాడు. “ఆయన ముందు సంతకం అంటాడు, ఈయన ముందు బోల్టు అంటాడు. టీ దగ్గర రెండూ ఒకేసారి అయిపోతాయి. నేను టీ తీసేశాను, పని ఆగిపోయింది. పెట్టాను, నడిచింది!”

రిచర్డ్, పరబ్రహ్మం ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. “ఓహో, మనం సేసేది అదా?” అన్నాడు రిచర్డ్.

“గడియ కూడా బిగించేసినాను,” అన్నాడు నూకయ్య. చివరి గడి పచ్చబడింది.

“ఠీక్ హై. గది నీదే,” అన్నాడు సాహెబ్, ఏసీ కిందికి కుర్చీ జరుపుకుంటూ. “కానీ ఇంత ముఖ్యమైన గడి గేటు బయట ఎందుకు? సోమవారం నుంచి టీ ఇక్కడే!”