ఏడు మార్కుల ఆట

తెర మీది కారు మళ్లీ అదే మలుపులో గోడకు గుద్దుకుంది. ఆమె బొటనవేలికి చుట్టుకున్న గుడ్డపట్టీని పళ్లతో లాగి బిగించి మళ్లీ మొదలుపెట్టింది. తప్పు మలుపుది కాదు, తన చేతిదీ కాదు. కారుకు బరువు లేదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఒంటినిండా రంగులు అద్దారు, అద్దం మీద వానచుక్కలు జారేట్టు చేశారు, నిజం కారు పక్కన మైకు పెట్టి ఇంజను చప్పుడు పట్టుకొచ్చారు. బరువు పెట్టడం మాత్రం మరిచిపోయారు. అట్టపెట్టెకు చక్రాలు కట్టి తోసినట్టుంది.

"ఇన్ని చేసినవాళ్లకి ఆ ఒక్కటీ చెయ్యడానికి ఏం రోగం," అంది తెరతో.

పక్క బల్ల దగ్గరివాళ్లు తల ఎత్తలేదు. ఆమె తెరతో మాట్లాడటం వాళ్లకు అలవాటే. ఆఫీసులో ఆమెకు 'చిటపట' అని పేరు. ఆ పేరు ఆమెకు తెలుసని వాళ్లకు తెలియదు.

టైర్ల దుకాణం పైన ఒకే ఒక పొడవాటి గది ఆ ఆఫీసు. కింద టైరు బిగించినప్పుడల్లా నేల సన్నగా అదిరేది. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. ఆ గదిలో కూర్చుని వీడియో గేములు ఆడి, అవెలా ఉన్నాయో వెబ్‌సైట్‌లో రాసేవాళ్లు నలుగురు. గోడల మీద పోస్టర్లకెక్కే పెద్ద పెద్ద ఆటలు మిగతా ముగ్గురూ పంచుకునేవారు. నెత్తిన పెట్టుకోలేనివీ, తీసి పారేయలేనివీ ఈవిడ బల్ల మీదికి వచ్చేవి. చేపలు పట్టే ఆటలు, పొలం దున్నే ఆటలు, కత్తియుద్ధాలు, ఫోన్లో రంగురాళ్లు కలిపే ఆటలు. జుట్టు నెరిసే వయసు వరకూ ఆమె చేసింది ఇదే.

వాటిని ఆమె చివరిదాకా ఆడేది. శ్రద్ధ కొద్దీ కాదు, కోపం కొద్దీ. ఆట చేసినవాడు ఎక్కడో ఒకచోట బాగుపడకపోతాడా అని చూసేది. బాగుపడేవాడు కాదు. చెడ్డ ఆటల మీద ఆమెకు కోపం ఉండేది కాదు. చెడ్డ ఆట చేసినవాడు ఏదో చెయ్యబోయి బోర్లా పడ్డాడు, లేపి దుమ్ము దులపొచ్చు. మధ్యరకం ఆట చేసినవాడు పడలేదు, ఎందుకంటే అసలు లేవలేదు. పోయినవారం వచ్చిన చేపల ఆటలో నీళ్లు చూస్తే దాహం వేసేట్టున్నాయి. చేపలు మాత్రం చిన్నదైనా పెద్దదైనా బావిలోంచి బకెట్టు లాగినట్టు ఒకేలా వచ్చాయి. అంతకుముందు వచ్చిన కత్తియుద్ధంలో వీరుడు చచ్చిపోయిన తండ్రి కోసం గంటకోసారి ఏడ్చాడు. ఆ తండ్రి ఎలా నవ్వేవాడో, ఏం తినేవాడో వీరుడికీ తెలియదు, ఆట చేసినవాళ్లకీ తెలియదు. రంగురాళ్ల ఆట అయితే వేలు కదిపినప్పుడల్లా చప్పట్లు కొట్టింది, డబ్బు అప్పు అడగడానికి వచ్చిన చుట్టంలా.

ఇలాంటివాటికి సంపాదకుడు ఇష్టపడే మార్కు పదికి ఏడు. ఏడు వేస్తే ఆట చేసిన కంపెనీ అలగదు, చదివేవాడు చదవకుండానే వెళ్లిపోతాడు. ఆమె దృష్టిలో ఏడంటే వీధిలో ఎదురైనవాడి పేరు గుర్తురాక నవ్వే నవ్వు. ఇంట్లో అన్నం తింటూ ఈ మాట ఎన్నోసార్లు అంది. భర్త వినీ విననట్టు తలూపేవాడు. మరిది మాత్రం తినడం ఆపి వినేవాడు.

కారు ఆటకు మూడు వేసి పంపేసరికి సంపాదకుడు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ఆమెకన్నా చిన్నవాడు. మడత నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను.

"మేడం, ఇదొకటి సాయంత్రానికి కావాలి. ఇవాళే విడుదలైంది."

తెర మీద కంపెనీ పేరు చూసి ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇది మా మరిది పనిచేసిన ఆట. నేను రాయకూడదు."

"మిగతావాళ్లంతా పెద్ద ఆట మీద ఉన్నారు కదా మేడం."

"మా మరిది అంటున్నాను. మా ఇంట్లోనే ఉంటాడు."

"అయితే మరీ మంచిది. ఏడు వేసెయ్యండి. ఇంట్లో గొడవ ఉండదు, ఇక్కడా ఉండదు."

"రాస్తే మొదటి వాక్యం అదే రాస్తాను, వీడు మా మరిది అని."

"రాయండి, మీ ఇష్టం," అన్నాడు అతను. అప్పటికే ఫోన్లోకి చూస్తున్నాడు.

మరిది ఆ ఆట మీద నాలుగేళ్లు పనిచేశాడు. ఆటలో గదులు, మెట్లు, సందులు కట్టడం అతని పని. ఏ కిటికీ ఎక్కడ ఉండాలి, ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి అని రాత్రిళ్లు కాగితాల మీద గీసుకునేవాడు. ఏమిటా ఆట అని ఆమె ఏనాడూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆమె వృత్తికి అది మర్యాద అని ఇద్దరికీ తెలుసు.

ఆడటం మొదలుపెట్టిన కాసేపటికే ఆమె దవడ బిగుసుకుంది. వరదలో మునిగిన ఊరు. చెల్లెలిని వెతుక్కుంటూ ఒకడు పడవ మీద ఇల్లిల్లూ తిరుగుతాడు. ప్రతి ఇంట్లోనూ బురదలోంచి దయ్యాలు లేస్తాయి, కత్తితో నరకాలి. నరికితే మెరిసే గోళీలు రాలతాయి, వాటితో పెద్ద కత్తి కొనుక్కోవాలి. పెద్ద కత్తితో పెద్ద దయ్యం. పడవ ఒక ఆటలోంచి, కత్తి ఇంకో ఆటలోంచి, ఏడుపు మరో ఆటలోంచి తెచ్చుకున్నారు. అవన్నీ ఆమె ఆడినవే. తిట్టినవే. మా ఇంట్లో కూర్చుని, నా తిట్లన్నీ విని, నువ్వు పోయి చేసింది ఇదా అనుకుంది. పట్టీ కింద బొటనవేలు సలుపుతోంది.

మధ్యాహ్నం దాటాక ఒక మేడ ఇంట్లోకి ఎక్కింది. మెట్ల పైన ఒక వంటగది.

అక్కడ కత్తి దానంతట అదే ఒరలోకి పోయింది. కిటికీ పక్కన కుర్చీలో ఒక ముసలావిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. కుడికాలి చెప్పు బొటనవేలికి వేలాడుతూ ఊగుతోంది. రాగం కాని రాగమేదో తీస్తోంది. పడవవాడు దగ్గరికి రాగానే, తల ఎత్తకుండా, రెండో కాలితో పీట ఇవతలికి తోసింది.

"కూర్చో కాసేపు," అంది.

తెర ముందు ఆమె చేతిలోని, ఆట ఆడించే మీటల పెట్టె ఒళ్లోకి జారింది.

అత్తగారు పోయి రెండేళ్లు. వంటగదిలోకి ఎవరు వచ్చినా అలాగే కాలితో పీట తోసేది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నాలు కోడలి పక్కన కూర్చుని ఆటలు చూసేది. "వాడు అటెందుకు పోతున్నాడే, తలుపు ఇటుంటే," అనేది. "వీడికి ఇంట్లో ఎవరూ లేరా, పొద్దస్తమానం కొట్టుకుంటాడు," అనేది. కోడలు విసుక్కునేది. మర్నాడు ఆ మాటే సమీక్షలో రాసేది. అత్తాకోడళ్లు ఉప్పు దగ్గర, ఉతికిన బట్టల దగ్గర, కిటికీ రెక్క దగ్గర పోట్లాడుకున్నారు. ఆటల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఎప్పుడూ ఒకే మాట.

ఆమె మీట నొక్కి, ఆటలో ఆ పీట మీద కూర్చుంది. మెరిసే గోళీలు రాలలేదు. మార్కులు పెరగలేదు. ముసలావిడ ఒక చిక్కుడుకాయ వలిచింది, ఇంకోటి వలిచింది. కిటికీలోంచి నీటి వెలుతురు గోడ మీద కదిలింది. "బయట వాన తగ్గిందా?" అంది ముసలావిడ.

అంతలో తలుపు పగిలింది. దయ్యాలు విరుచుకుపడ్డాయి. కుర్చీ తిరగబడింది, చిక్కుడుకాయలు నేలంతా చెదిరాయి. 'పోరాడు' అని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ఆమె వెనక్కి వెళ్లి మళ్లీ కూర్చుంది. మళ్లీ తలుపు పగిలింది. ముందే తలుపు దగ్గర నిలబడి చూసింది, బల్ల అడ్డం జరపడానికి చూసింది. బల్ల జరగదు. మళ్లీ కూర్చుంది. ప్రతిసారీ వాన సంగతి అడిగిన తర్వాతే తలుపు పగులుతోంది. ఎన్నిసార్లు అలా చేసిందో ఆమె లెక్కపెట్టలేదు. చివరికి చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద విసిరింది. ఈసారి పక్కవాళ్లు తల ఎత్తారు.

"ఏమైంది మేడం?"

"ఏం కాలేదు. మీ పని చూసుకోండి."

రాయడానికి అట్టే సేపు పట్టలేదు. మరిది సంగతి మొదటి వాక్యంలోనే పెట్టింది. పడవ గురించీ కత్తి గురించీ తిట్టాల్సినవి తిట్టింది. నాలుగు వేసి పంపించి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి మరిది ముందు గదిలో నిలబడే ఉన్నాడు. అప్పుడే స్నానం చేసినట్టున్నాడు, జుట్టులోంచి నీళ్లు చొక్కా కాలరు మీదికి కారుతున్నాయి.

"ఏడు వేశావు వదినా," అన్నాడు.

"ఏంటి?"

"పదేళ్లుగా వింటున్నాను. నువ్వు ఏడు ఎవరికి వేస్తావో నాకు తెలీదా? తిట్టినా బావుండేది."

ఆమె అతని చేతిలో ఫోను లాక్కుని చూసింది. పైన తన పేరు. కింద ఏడు. మరిది గురించిన వాక్యం లేదు, తిట్లు లేవు, వంటగది లేదు. ఇంటిల్లిపాదీ సరదాగా ఆడుకోదగ్గ ఆట అని ఉంది. ఆ మాట ఆమె జన్మలో రాయలేదు.

"నేను వేసింది నాలుగు," అంది.

"నాలుగా?"

"నాలుగు. అదీ ఎక్కువే."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు భుజాలు దిగాయి. కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకుని నవ్వాడు. "నాలుగేశావా," అన్నాడు మళ్లీ, ఎవరో ఏదో ఇస్తే అందుకున్నట్టు.

"నవ్వకు. అమ్మని అక్కడ కూర్చోబెట్టి, ఆ గదిలోకి దయ్యాల్ని తోలడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

నవ్వు పోయింది. "నేను తోల్లేదు వదినా. గదే తీసెయ్యమన్నారు. ఊరికే కూర్చోడానికి ఎవడు కొనుక్కుంటాడన్నారు. ఉండాలంటే దయ్యాలు రావాలన్నారు. అడగ్గా అడగ్గా, అమ్మ వాన సంగతి అడిగేదాకా తలుపు పగలకుండా ఒప్పించాను. నా చేతనైంది అంతే." తలెత్తి, "కూర్చున్నావా?" అని అడిగాడు.

"కూర్చోక? అవి వచ్చి లేపేదాకా కూర్చున్నాను. మళ్లీ వెళ్లి కూర్చున్నాను."

ఆమె తన ఫోను తీసి, పంపిన సమీక్షలోంచి సంపాదకుడు కోసేసిన ముక్క చదివింది. చదువుతుంటే గొంతు కోపంగానే ఉంది.

"'ఈ ఆటలో ఒక వంటగది ఉంది. అందులో ముసలావిడని చేసినవాడు మనిషిని చూసి చేశాడు. మిగతా ఆట చేసినవాళ్లు వేరే ఆటల్ని చూసి చేశారు. మనిషిని చూసినవాడి చేతికి ఆట మొత్తం ఇచ్చి ఉంటే నేనీ మార్కు వేసేదాన్ని కాదు. ఇవ్వలేదు. నాలుగు. ఆ నాలుగూ ఆ గదివే.'"

మరిది నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే గుమ్మంలోకి భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది, చేతులకు గ్రీజు ఎప్పుడూ పూర్తిగా పోదు. ఆ చేతిలో ఒక పెద్ద సంచి ఉంది.

"బస్సుకి టైమైంది రా," అన్నాడు తమ్ముడితో.

"ఏం బస్సు? ఈ సంచేంటి?"

అన్నదమ్ములు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. "వాళ్ల టీం అందర్నీ తీసేశారు," అన్నాడు భర్త. "పోయినవారమే. వీడికి వేరే ఊళ్లో పని దొరికింది. ఫోన్లో పేకాట చేసే కంపెనీ."

"పోయినవారం నుంచి మీకు తెలుసా?"

భర్త చేతుల మీది గ్రీజు చూసుకున్నాడు. మరిదే చెప్పాడు. "నేనే చెప్పొద్దన్నాను వదినా. మా ఆట నీ బల్ల మీదికే వస్తుందని తెలుసు. ఉద్యోగం పోయిందని తెలిస్తే జాలిపడి మార్కు వేస్తావేమోనని."

తమ ఆట మధ్యరకమని అతనికి ముందునుంచీ తెలుసు. ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. వంటగదిలోకి వెళ్లి, చేతికందిన రొట్టెలూ పళ్లూ డబ్బాలో కుక్కి, మూత పడకపోతే అరచేత్తో కొట్టి మూసి, తెచ్చి, భర్త కింద పెట్టిన సంచిలో తోసింది.

"పేకాటలో గదులేం ఉంటాయిరా కట్టడానికి?"

"ఉండవు," అన్నాడు అతను. వంగి ఆమె కాళ్ల దగ్గరున్న సంచి ఎత్తుకున్నాడు. "వెళ్లొస్తా వదినా."

"వెళ్లు. వెళ్లి ఫోన్ చెయ్యి."

అన్నదమ్ములెక్కిన బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలో నిలబడింది. తర్వాత సంపాదకుడికి ఫోన్ చేసింది. మార్కు మార్చమంది. ఇప్పుడు కుదరదన్నాడు, కంపెనీవాళ్లు అప్పుడే చూసి సంతోషించారట. అయితే నా పేరు తియ్యి అంది. "దానికేముంది మేడం, తీసేస్తా," అన్నాడు అతను, వెంటనే. అది అంత తేలిక అని ఆమె అనుకోలేదు. ఫోను పెట్టేసి చూస్తే అప్పటికే పేరు లేదు. ఏడు ఉంది. రేపు పొద్దున బల్ల మీద ఇంకో చేపల ఆట ఉంటుంది. వెళ్తుంది, ఆడుతుంది. ఒక్క చేపైనా సరిగ్గా గింజుకోకపోతే ఈసారి రెండు వేస్తుంది.

దీపం వేసి వెనక్కి తిరిగింది. చెక్క కుర్చీ వీపు మీద మరిది తడి తువ్వాలు. చెక్క పాడవుతుందిరా, తీగ మీద వెయ్యి అని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. తియ్యడానికి వెళ్లి అంచు పట్టుకుంది. సబ్బు వాసన ఇంకా పోలేదు. వదిలేసింది. తువ్వాలు అంచునుంచి నీళ్లు, ఒక చుక్క తర్వాత ఒక చుక్క, కుర్చీ చెక్కలోకి ఇంకుతున్నాయి.