మెట్ల డాక్టరు లిఫ్టెక్కిన రోజు

నేను ఒక లిఫ్టుని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ముక్కలు ముక్కలుగా లారీలో గుంటూరు చేరి, కొబ్బరికాయ కొట్టించుకుని ఈ నాలుగంతస్తుల ఆసుపత్రిలో కాపురానికి దిగాను. యజమానులు ఇద్దరు మారారు. నాలోని పగిలిన అద్దం మాత్రం మారలేదు.

డాక్టర్లు ఏడవడానికి ఇక్కడ నేను తప్ప చోటు లేదు. తలుపు మూసుకోగానే కళ్లు తుడుచుకుంటారు, తెరుచుకునేసరికి నవ్వు మొహం పెడతారు. నేను మొరాయిస్తే మెకానిక్ వచ్చి ఎక్కడ నొప్పి అన్నట్టు తడిమి చూస్తాడు. డాక్టరు పొరబడితే కమిటీ వస్తుంది.

మౌక్తిక అని చిన్న డాక్టరమ్మ. ఒక పెద్దాయనకి పడని మందు రాసింది. పడదని కేస్ షీట్లో ఉన్నా చూసుకోలేదు. ఆయన ఒళ్లంతా వాచి, ఐసీయూ దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. ఇప్పుడు ఉప్మాలో జీడిపప్పు లేదని నర్సులతో పోట్లాడుతున్నాడు. ఈమెకే ముద్ద దిగడం లేదు. క్యాంటీన్లో ఈమె కూర్చుంటే పక్క కుర్చీలు ఖాళీ అయ్యేవట. ఒక ఉదయం, ఉద్యోగం మానేస్తానని పైవాళ్లకి చెప్పేద్దామని ఏడుస్తూ నాలుగో అంతస్తు బటన్ నొక్కింది.

తలుపు మూసుకుంటుండగా పెద్ద సర్జన్ పానకాలరావు గారు లోపలికి దూరారు. నేను నివ్వెరపోయాను. మోకాళ్లు అరిగినా మెట్లే ఎక్కే మనిషి ఆయన. రెండో అంతస్తు దాటామో లేదో కరెంటు పోయింది. ఆగిపోయాను. ఇందులో నా తప్పేమీ లేదు, నమ్మండి.

రోజూ పొట్టలు కోసే మహానుభావుడికి ముచ్చెమటలు పట్టాయి. గోడ పట్టుకుని కూలబడ్డారు. మౌక్తిక ఏడుపు మరిచిపోయి ఆయన నాడి పట్టుకుంది.

"సార్, నన్ను చూడండి. మెల్లిగా గాలి పీల్చండి. నేనున్నాగా."

కాసేపటికి ఆయన తేరుకున్నారు. "తలుపు మూస్తే నాకు చచ్చేంత భయం అమ్మాయ్."

"మరి ఎందుకెక్కారు సార్?"

"నువ్వు ఒక్కదానివే దొరికేది ఇక్కడేగా! తప్పు తప్పే. ఆ పెద్దాయనకి నువ్వే వెళ్లి క్షమాపణ చెప్పావంట, మంచి పని చేశావు. నా చేతిలో ఇట్టాంటిదే జరిగినప్పుడు నాతో ఒక్కడంటే ఒక్కడు మాట్లాడలా. నీకు అట్టా కాకూడదని వచ్చా. ముందు ఆ చెయ్యి వదలమాక!"

ఆమె వదల్లేదు. కరెంటు వచ్చాక నాలుగుకి బదులు రెండు నొక్కింది. అది తన వార్డు.

"భోజనానికి నీ పక్కన నాకో కుర్చీ ఆపు" అని చెప్పి, పానకాలరావు గారు ఆమె వెనకే దిగి మెట్లెక్కి పోయారు. ఇక ఈ జన్మలో నా గడప తొక్కరనుకున్నాను.

నాకూ వయసైపోయింది. పాత ఇనుముకి వేసేస్తారట. మొన్న ఒక కుర్ర ఎముకల డాక్టరు కళ్లు తుడుచుకుంటూ ఎక్కాడు. తలుపు మూసుకోబోతుంటే పానకాలరావు గారు మళ్లీ దూరారు, అప్పుడే చెమటలు కక్కుతూ. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, పక్కనే మౌక్తిక.