ఇనుము అనరాని నోరు

"చన్నీళ్లు పొయ్యకు, మొక్కలు బిగుసుకుపోతాయి," అన్నాడు ఆయన, పరుపు మీంచి కదలకుండా.

కదిలితే కదా ఆ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలిసేది. వీధి చివర పంపులో కొండల మంచు కరిగిన నీళ్లు వస్తాయి. కుందుజ్ రోజూ వాటిని బకెట్లతో మోసుకొచ్చి, గోరువెచ్చగా కాచి, గొర్రెల కొట్టం వెనక ప్లాస్టిక్ పట్టా కింద దాచిన గంజాయి మొలకలకు గరిటెతో పోస్తుంది. బొటనవేలంత లేవు ఒక్కొక్కటీ. నీళ్లెక్కువైతే కుళ్లుతాయి, తక్కువైతే వాలిపోతాయి, రెండింటికీ తిట్లు ఆమెకే. స్నేహితులొస్తే మాత్రం ఆయన పట్టా ఎత్తి, "చూడండ్రా నా మొక్కలు. నా హస్తవాసి అలాంటిది," అంటాడు. ఆ హస్తానికి మట్టి అంటగా ఎవరూ చూసి ఎరగరు. కూతురు అసిల్ జ్వరంతో మూలుగుతున్న రోజున కూడా అత్త బురమ్‌కాన్ ముందు మొక్కల దగ్గరికే తరిమింది. "పిల్లకేం, దాహమేస్తే అడుగుతుంది. అవి అడగలేవుగా," అంది.

ఆయన, ఆయన అనడమే గానీ కుందుజ్ మొగుడి పేరు పలకదు. ఆ ఊళ్లో కోడళ్లెవరూ పలకరు. పేరొక్కటే మానేస్తే చాలదు, ఆ పేరులో ఏ మాట దూరి ఉంటే ఆ మాట కూడా నోట రాకూడదు. ఆమె ఖర్మకొద్దీ ఆయన పేరు మొదట్లో ఇనుము ఉంది. వాళ్ల భాషలో ఇనుము అంటే సగం మొగుణ్ణి పిలిచినట్టే. కాపురానికొచ్చిన కొత్తలో, "ఇనప బకెట్ బరువుగా ఉందత్తయ్యా," అని నోరు జారింది. అత్త ఆ నీళ్లు గుమ్మంలోనే పారబోయించి, మళ్లీ పంపు దగ్గరికి పంపింది. అప్పట్నించీ బకెట్టు "గట్టిది", మేకు "చిన్న గట్టిది". అసిల్ పుట్టినప్పుడు నర్సు తండ్రి పేరడిగితే ఇనప మంచం కోడు చూపించింది. నర్సు నవ్వి నాలుగు పేర్లు చెబితే నాలుగోదానికి తలూపింది. పదకొండేళ్లుగా ఇదే మూగనాటకం. సిగ్గనిపించేది మొదట్లో, తర్వాత్తర్వాత ఒళ్లు మండేది.

ఆ మంగళవారం పొద్దున పంపు నించి వచ్చేసరికి వాకిట్లో పోలీసు జీపుంది. కొట్టం వెనక పట్టా తీసేసి ఉంది. లోపల బల్ల ముందు పోలీసాయన కాగితం పరుచుకుని కూర్చున్నాడు. బురమ్‌కాన్ స్వయంగా టీ పోస్తోంది. ఆవిడ చేతిలో టీ కెటిల్ చూడటం కుందుజ్‌కి అదే మొదలు.

"ఆ మొక్కలు మా కోడలివే సార్. నీళ్లు పోసేది అదే, వీధంతా అడగండి. మావాడికి మొక్కలంటేనే గిట్టదు."

"మోకాలి నొప్పికి మందని నాటుకుంది. వద్దంటే వింటేగా," అన్నాడు ఆయన, టీ కప్పులోకి చూస్తూ.

అత్త ఆమెని గుమ్మం దగ్గరికి లాగి చెవిలో గొణిగింది. "ఒప్పేసుకో. చిన్నపిల్ల తల్లివని తేలిగ్గా వదిలేస్తారు. మగాడు జైలుకెళితే ఇంటి పరువేం కాను?"

"వదలకపోతే అసిల్‌ని ఎవరు చూస్తారత్తయ్యా?"

"నేను లేనూ?"

జ్వరం నాటి మూలుగు కుందుజ్ చెవిలో మళ్లీ వినబడింది. ఆ ఇంట్లో అడగలేని వాటికి ఆమె ఉంది. ఆమె లేకపోతే, అడిగి అడిగి అలిసిపోయిన పిల్లకి ఎవరూ లేరు.

"చెప్పు చెల్లెమ్మా, మొక్కలు నీవేనా?" అన్నాడు పోలీసాయన.

"నీళ్లు పోసేది నేను సార్. మొక్కలు ఆయనవి."

పోలీసాయన పెన్ను ఆపి నిట్టూర్చాడు. "ఆయన అని కాగితం మీద ఎలా రాసేది? పేరు కావాలి. నువ్వు పలకవని తెలుసు, మా ఇంట్లోనూ ఇదే తంతు. నీ నోటితో పేరు రాకపోతే నీ పేరే రాసుకుపోతా."

అప్పుడు మొగుడు తలెత్తి, ఆ పొద్దున మొదటిసారిగా ఆమె మొహంలోకి చూశాడు. చిన్నగా నవ్వాడు. అత్త కూడా తీరిగ్గా కూర్చుని ఇంకో కప్పు పోయబోయింది. ఇద్దరికీ ఎంత ధీమా. ఆ నోటికి తాళం వేసింది వాళ్లే కదా.

కుందుజ్ చేతిలోని బకెట్ తీసుకెళ్లి బల్ల మీద, మొగుడి కప్పు పక్కనే పెట్టింది. నీళ్లు తొణికి కప్పులో పడ్డాయి.

"ఇది ఇనప బకెట్ సార్," అంది.

"ఒసే, నోరు ముయ్యి," అంది అత్త.

"ఇనప బకెట్. మొక్కలు తెమిర్‌బెక్‌వి."

కెటిల్ మూత కింద పడి దొర్లింది. పోలీసాయన కాగితం తడవకుండా పక్కకి జరుపుకున్నాడు.

"మళ్లీ చెప్పు చెల్లెమ్మా, సరిగా వినబళ్లేదు."

"తెమిర్‌బెక్," అంది కుందుజ్, వీధి చివర పంపు దాకా వినబడేట్టు.