కనకాంబరరాణి ఏడుపు

నా రవికెల కుట్లు ఊడదీసి ఆయన ఛాతీ కొలతకు పెట్టడం నా పని. ఆట ముగిసి వచ్చాక మళ్ళీ నా కొలతకు బిగించడమూ నా పనే. చంకల్లో ఆయన చెమట, మెడ దగ్గర ఆయన పౌడరు. ఎంత ఉతికినా పోదు. నా పెళ్ళిచీర నేను కట్టింది రెండుసార్లు. నా మొగుడు మునికుమార్ కట్టింది రెండు వందల సార్లు.

పలమనేరు చుట్టుపక్కల ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. మా ఊరి వీధినాటకం జట్టు ఆడే కనకాంబరరాణి కథలో రాణి ఆయనే. కథ చిన్నది. రాజు రాణిని అనుమానిస్తాడు. జుట్టు పట్టుకుని సభలోకి ఈడ్చి కొడతాడు. రాణి ఏడుస్తూ పాడి, సభలోనే ప్రాణం విడుస్తుంది. ఆ పాట కోసం కుప్పం నుంచి, గుడియాత్తం నుంచి జనం వ్యాన్లు మాట్లాడుకుని వస్తారు. నేను మాత్రం పెళ్ళయిన పదమూడేళ్ళ వరకు ఒక్క ఆటా చూడలేదు. నాలుగు పాడి ఆవులు. రెండు పూటలా పితకడం, కేంద్రానికి పాలు పోయడం, పేడ, గడ్డి. మా అత్త దేవకమ్మది ఒకటే మాట. "మొగోడు ఆడేసం కట్టినప్పుడు పెండ్లాం చూస్తే కళ పోతాదంట. ఇంట్లో ఉండు."

ఇంట్లో ఉన్నాను. ఆయన కొట్టేవాడు. పాలు తక్కువైతే, కూర చల్లారితే, ఏమీ లేకపోయినా. కొట్టాక ఎదురుగా గొంతుక్కూర్చుని నేను ఏడవడం చూసేవాడు. కన్నార్పేవాడు కాదు. అది పశ్చాత్తాపం అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

పోయిన ఏడాది తిరుపతిలో నాటకాల పోటీలు పెట్టారు. పగటి ఆటలు. జట్టు ముందురోజే పోయింది. పొద్దున్నే ఫోను. "సవరం మర్చిపోయినా. పన్నెండుకు ఆట. బస్సెక్కి తెచ్చిచ్చి అట్నే ఎనక్కి పో." రాలిన నా వెంట్రుకలు ఏరి నేను కట్టిన సవరం అది. వెనక గుమ్మం దగ్గర అందించాను. నా మొహం చూడకుండా లాక్కుని తలుపేసుకున్నాడు. నేను వెనక్కి పోలేదు. ముందు వైపుకి తిరిగి వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాను.

ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. ముఖవీణ మోగింది. తెర కింద గజ్జెల కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. పాట ఊపందుకుంది, తెర కిందికి పడింది, రాజు. ఆ రాజు మా ఊరి ట్రాక్టరు డ్రైవరు రఘునాథ్ అని నాకు తెలుసు. అయినా మనిషి తలుపు పట్టనంత పెరిగాడు. అడుగు వేస్తే నేల ఆయనది, చెయ్యి ఎత్తితే సభ ఆయనది. మనుషులు ఇట్లా కూడా కావచ్చునని నాకెవరూ చెప్పలేదు.

తర్వాత నా చీరలో రాణి వచ్చింది. రాజు కొట్టాడు. చెయ్యి తగలలేదు, మద్దెల మోగింది, అంతే. రాణి పడింది. పడి, ఎడమ చెవి మూసుకుంది. చెంప కాదు, చెవి. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. రెండుసార్లు ఎగశ్వాస. అప్పుడు ఏడుపు. ఆ ఏడుపులోనే మోకాలి మీదికి చెదిరిన చీర సర్దుకుంది.

అది నేను. మొదటి ఏడాదే ఆయన దెబ్బకు నా ఎడమ చెవికి వినికిడి సగం పోయింది. దెబ్బ పడగానే మిగిలిన సగం ఉందో లేదో అని చెవి పట్టుకుంటాను. ఈ లోకంలో అది చూసినవాడు ఒక్కడే. గొంతుక్కూర్చుని చూసింది అందుకు.

నా ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి రాజును తిట్టింది. "నీ చెయ్యిరిగిపోనూ! నీ వమిశం నాశినమైపోనూ!" హాలంతా ముక్కులు చీదుతోంది. మా వీధిలో పదమూడేళ్ళుగా ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఇక్కడ ఇంతమంది నా పక్క. ఆట ముగిసింది. చచ్చిన రాణి లేచి మొహం కడుక్కుని టీ తాగింది. నాకు ఆ స్టేజీ కావాలనిపించింది. ఆకలేసినట్టు కావాలనిపించింది.

అప్పటినుంచి అమ్మకు బాగాలేదని చెప్పి చిత్తూరు, బంగారుపాళ్యం, తిరుచానూరు, పగలు ఎక్కడ ఆడితే అక్కడికి పోయి వెనక నిలబడ్డాను. పొదుగు దగ్గర కూర్చుని పద్యాలు నేర్చుకున్నాను. రాణివి కాదు. రాజువి.

ఇంట్లో ఏడవడం మానేశాను. కొడితే ఆయన కళ్ళలోకి చూసేదాన్ని. మొదట ఆశ్చర్యపోయాడు. తర్వాత దూడను కట్టే పలుపు తీశాడు. వీపు చిట్లింది. వేలు విరిగింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏడువే," అన్నాడు.

"రాదు."

"నీకు దండం పెడతా. ఒక్కసారి ఏడువే." నిజంగానే చేతులు జోడించాడు. పలుపు ఆ చేతుల్లోనే ఉంది.

చిత్తూరు ఆటలో పాట తేలిపోయింది. ముందు వరసలోంచి ఎవడో అరిచాడు. "ఏం రాణీ, కండ్లల్లో పిండుకునేదానికి ఎర్రగడ్డ తెచ్చియ్యాల్నా?" జనం నవ్వారు. ఆ తర్వాతి ఆటలో మునికుమార్ రఘునాథ్‌ను నిజంగానే కొట్టమన్నాడు. రఘునాథ్ కొట్టాడు. పెదవి పగిలి నా రవికె మీద నెత్తురు కారింది. అయినా ఏడుపు రాలేదు. బూతు వచ్చింది. రాణి సభలో రాజు అమ్మను తిట్టింది. రఘునాథ్ కిరీటం విప్పి నేలకు కొట్టాడు. "మనిషిని కొట్టేదానికి రాలేదబ్బా నేను. ట్రాక్టరు తోలుకుంటా."

జట్టును నడిపేది హార్మోనియం వాయించే ముసలాయన కుప్పుస్వామి. ఈ ఏటి తిరుపతి పోటీలకు పదిరోజులుందనగా, మధ్యాహ్నం, జట్టంతా ఆయన వసారాలో తల పట్టుకుని కూర్చుంది. పాల క్యాను మెట్టు మీద పెట్టి లోపలికి పోయాను.

"అయ్యోరా, రాజు ఏసం నాకియ్యి."

మద్దెల వాయించేవాడు కిసుక్కుమన్నాడు. "మీసం నిలస్తాదా అక్కా?"

"ఇంటికి పద, చెప్తా నీ కత," అన్నాడు మునికుమార్.

దండెం మీద సాధన తెర వేలాడుతోంది. దాని వెనక్కి పోయి రాజు వచ్చే పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను. రెండో చరణానికి హార్మోనియం నన్ను అందుకుంది. తెర పక్కకు తోసి ముందుకు వచ్చాను. నవ్వినవాడు మద్దెల ఒళ్ళోకి లాక్కున్నాడు.

"గొంతుండాది. అడుగుండాది," అన్నాడు కుప్పుస్వామి. "సభలో కొట్టే ఘట్టం చెయ్యి సూద్దాం." రాజు చేత పట్టే బెత్తం నాకు అందించాడు. మునికుమార్ ఎదురుగా నిలబడ్డాడు. నేను ఒక అడుగు వేస్తే ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

బెత్తం తిరిగిచ్చేశాను.

"ఇది వద్దు అయ్యోరా. ఆ ఏడుపు నాది. నన్ను కొట్టి కొట్టి నేర్చినాడు."

కుప్పుస్వామి మునికుమార్ వైపు చూశాడు. మునికుమార్ నేల చూశాడు. అప్పుడు ముసలాయన బెత్తం మూలకు పారేసి మద్దెల వైపు తిరిగాడు.

"రాజుకు దరువెయ్యప్పా."