పదిహేను పౌండ్ల దారం

గేలాలూ రీళ్లూ దారాలూ అమ్మే ఆ కొట్టు వెనక గదిలో కూర్చునే మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని ఎవరైనా పలికి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు. అందరికీ అతను చిక్కు. పెట్టింది బావ. చేపల వేటకి వెళ్లినవాళ్లు చిక్కుపడిన దారాలు తెచ్చి పడేస్తే గంటల తరబడి కూర్చుని విప్పేది ఇతనే కాబట్టి పేరు ఇట్టే అతుక్కుపోయింది. ముందు గదిలోంచి బావ "ఒరేయ్ చిక్కూ!" అని కేకేయడం, వెనక గదిలోంచి ఇతను "వస్తున్నా బావా" అనడం, కొట్లో ఉన్న నలుగురూ నవ్వడం పన్నెండేళ్లుగా మామూలే.

అక్క మొగుడంటే సరసమాడే హక్కున్నవాడు, కాదనలేం. కానీ ఆ హక్కుని ఈయన వాడుకున్నంత బాగా ఇంకెవరూ వాడుకుని ఉండరు. మొదటి ఏడు చేపల వేట క్లబ్బు పోటీకి వెళ్తున్న బావమరిదికి తన చేత్తోనే రీలుకి దారం చుట్టి ఇచ్చాడు. అది వేసవంతా అద్దాల బీరువాలో ఎండకి ఎండి పుచ్చిపోయిన నైలాన్ తీగ. పడ్డ మొదటి చేపకే పుటుక్కుమంది. మరో ఏడు నాచులో వేటకని యాభై పౌండ్ల బరువు తట్టుకునే దారం డబ్బాలో, ఆరు పౌండ్లకే తెగే అల్లిక దారం పెట్టి ఇచ్చాడు. ఇంకో ఏడు దారం మంచిదే ఇచ్చాడు గానీ, చుట్టే ముందు రీలు అడుగున వేయాల్సిన టేపు ముక్క వేయలేదు. అల్లిక దారం నునుపు. కింద పట్టు లేకపోతే చుట్ట మొత్తం రీలు మీద గిర్రున జారుతుంది. చేప లాక్కుపోతుంటే చిక్కు, లోపం రీలు మరల్లో ఉందనుకుని, పడవలో కూర్చుని రీలంతా ఊడదీశాడు. రోజూ కొట్లో రీళ్లు బాగుచేసే మనిషే రీలు చేతిలో ఓడిపోవడం చూసి గట్టు మీద జనం కడుపులు పట్టుకున్నారు. అందరికన్నా ఎక్కువ నవ్విన బావ వచ్చి వీపు చరిచాడు. "బావమరిదితో కాకపోతే ఎవరితో ఆడతాన్రా సరసం?"

ప్రతిసారీ వంటింటి గుమ్మం దగ్గర అక్క అతని భుజం మీద చెయ్యి వేసేది. "మీ బావ బుద్ధే అంతరా. నీ తప్పేం లేదు" అనేది. ఆ రెండో మాట కోసమే చిక్కు ఆ ఇంట్లో ఉండగలిగాడు. లేకపోతే ఎప్పుడో ఎటో పోయేవాడు.

ఆ ఏడు జలాశయం ఆఫీసువాళ్లు నోటీసు పెట్టారు. బాస్ చేపల వేటకి వచ్చేవాళ్లని పడవలో తిప్పడానికి గైడు కావాలి. జీతం ఇస్తారు, గట్టు మీదే ఒక గది ఇస్తారు. ఆదివారం పొద్దున రాళ్ల రేవు దగ్గర పరీక్ష. మూడు గంటల్లో మూడు బాస్ చేపలు ఒడ్డుకి తెచ్చినవాళ్లలో ముందు తెచ్చినవాడిదే ఉద్యోగం. గేలం కర్రా, దారమూ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. దరఖాస్తు పెట్టింది నలుగురే. ఆ నలుగురిలో నీళ్లూ చేపలూ చిక్కు కన్నా బాగా తెలిసినవాడు లేడు. ఈ మాట చిక్కుకీ తెలుసు. తనకంటూ ఒక గది, తలుపు వేసుకుంటే ఎవరి కేకా వినపడని గది, అతని కళ్లముందు ఆడటం మొదలుపెట్టింది. ఇంకో నోటీసు పడాలంటే ఇప్పుడు చేరినవాడు రిటైరవ్వాలి.

శనివారం మధ్యాహ్నం బావే వెనక గదిలోకి వచ్చాడు. ఆయన ఆ గదిలోకి అడుగుపెట్టడమే అరుదు. చేతిలో సీలు తీయని డబ్బా.

"ఇదిగోరా, పదిహేను పౌండ్ల అల్లిక దారం. కొత్తది" అన్నాడు.

చిక్కు డబ్బా వంక చూశాడు గానీ చెయ్యి చాచలేదు.

"ఏంట్రా అలా చూస్తావు? రాళ్ల రేవు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. నాచు పోచ కూడా లేదు. చేప నలభై గజాల అవతల రాతి అంచు మీద ఉంటుంది. సన్న దారమైతేనే అక్కడిదాకా వెళ్తుంది. నువ్వు లావుది కట్టావనుకో, ఎర నీ కాళ్ల ముందే పడుతుంది. పడినా, చేప ఆ తాడు చూసి పారిపోతుంది. ఇదంతా నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎవరైనా వచ్చి అడిగితే చిక్కు కూడా సరిగ్గా ఇదే చెప్పేవాడు. అందుకే అతనికి అనుమానం వచ్చింది.

"ఎందుకిస్తున్నారు బావా?"

"మీ అక్క కోసంరా. నువ్వు బాగుపడితే చూడాలని దానికి ఆశ" అని బావ డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వెళ్తూ నవ్వనైనా నవ్వలేదు.

నవ్వి ఉంటే బాగుండేది. చిక్కు తలుపు దగ్గరగా వేసి డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. సీలు అంటించి ఉన్న చోట గోరుతో గీరి చూశాడు. ఎక్కడా ఊడదీసి మళ్లీ అంటించిన జాడ లేదు. డబ్బా తెరిచి, దారం కొస స్ప్రింగు తక్కెడ కొక్కేనికి కట్టి లాగాడు. ముల్లు పదిహేను దాటి పదిహేడు దగ్గర వణికింది గానీ దారం తెగలేదు. పది గజాలు వదిలి మళ్లీ లాగాడు. అదే లెక్క. ఆరు చోట్ల లాగాడు, ఆరు చోట్లా మంచిదే. తర్వాత మొత్తం దారాన్ని రెండు వేళ్ల మధ్యనుంచి నెమ్మదిగా లాగుతూ కళ్లు మూసుకుని తడిమాడు. బ్లేడు గాటు లేదు, పీచు లేవలేదు, ముడి లేదు. మామూలు మనిషైతే అక్కడికి స్థిమితపడేవాడు. పన్నెండేళ్లు బావ చేతికింద నలిగినవాడికి మాత్రం లోపం కనబడకపోవడమే పెద్ద లోపంగా తోచింది. ఈసారి మోసం తన కంటికి కూడా ఆనకుండా చేశాడంటే ఇక అదెంత పెద్దదో అనుకున్నాడు. ఆరు చోట్ల తెగనిది ఏడో చోట తెగుతుందనుకున్నాడు.

కొట్లో ఇంకో పదిహేను పౌండ్ల డబ్బా తీసుకోవచ్చు. కానీ అవన్నీ బావ బీరువాలోవే. చుట్టుపక్కల వేరే కొట్టు లేదు. తన చేత్తో తను కొన్న దారం అతని దగ్గర ఒక్కటే ఉంది. ఎప్పుడో దూరపు ఊళ్లో నాచు వేట కోసం కొన్న యాభై పౌండ్లది. దాన్ని పట్టుకుని మనిషి వేలాడినా తెగదు. అది ఈ రేవుకి పనికిరాదని అతనికి బాగా తెలుసు. కానీ పన్నెండేళ్లుగా అతని పరువు తెగిన దారాలతోనే పోయింది. తెగకపోతే చాలు, మిగతాది తన చేతి నేర్పు చూసుకుంటుంది అనుకున్నాడు. ఎంత తెలిసినవాడైనా భయపడితే తెలివి మూట కట్టి పక్కన పెడతాడు.

ఆదివారం తెల్లవారగానే పదిహేను పౌండ్ల దారాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి బల్ల మీద వదిలేసి, యాభై పౌండ్లది చుట్టుకుని బయల్దేరాడు. ఆ చిన్న రీలుకి అది అరవై గజాలైనా పట్టలేదు.

రేవు దగ్గర బావ అప్పటికే ఫ్లాస్కుతో, నలుగురు క్లబ్బు మిత్రులతో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాడు. అక్క కూడా వచ్చింది. తమ్ముడికి కనబడేలా చెయ్యెత్తి ఊపింది. ఆఫీసరు ఈల వేశాడు.

చిక్కు విసిరిన ఎర ఇరవై గజాలు వెళ్లి పడింది. గాలికి లావు దారం విల్లులా వంగి ఎరని ఇంకా వెనక్కి లాక్కొచ్చింది. పరీక్షకి వచ్చిన మిగతా ముగ్గురిలో ఒకడైన వడ్రంగి పక్కనుంచి విసిరితే సయ్యిమంటూ వెళ్లి రాతి అంచు మీద పడింది. ఆ వడ్రంగికి వారం కిందట, అదే బీరువాలోంచి పదిహేను పౌండ్లది తీసిచ్చి, రీలుకి చుట్టిచ్చింది చిక్కే. పావుగంటలో వడ్రంగి మొదటి చేపని ఒడ్డుకి తెచ్చాడు. చిక్కు మరింత బలంగా విసిరాడు. భుజం కలుక్కుమంది. ఎర మాత్రం అదే ఇరవై గజాల దగ్గర తుపుక్కుమంది.

గంట గడిచాక దారి తప్పిన బాస్ ఒకటి ఒడ్డు దగ్గరికి వచ్చి అతని ఎర అందుకుంది. మంచి బరువైన చేప.  తెగుతుందన్న భయం లేదుగా, చిక్కు రీలు బ్రేకు బిగించి గట్టిగా గుంజాడు. దారం తెగలేదు, నిజమే. కానీ ఎక్కడో ఒకచోట లొంగాలిగా. సన్నటి గేలం గుండుసూదిలా తిన్నగా సాగిపోయి ఖాళీగా తిరిగొచ్చింది.

అప్పుడు బావ కుర్చీలోంచి లేచాడు. జేబులోంచి డబ్బా తీసి పైకెత్తాడు. చిక్కు బల్ల మీద వదిలేసి వచ్చిన డబ్బాయే.

"ఒరేయ్, ఇంకా గంటన్నర ఉంది. నీ పదిహేనుది తెచ్చాను. చుట్టుకోరా, పది నిమిషాల పని!" అని అందరికీ వినపడేలా అరిచాడు. ఆఫీసరు వంక తిరిగి, "మార్చుకోవచ్చా సార్?" అని అడిగాడు.

"నిక్షేపంగా మార్చుకోవచ్చు" అన్నాడు ఆఫీసరు.

"మార్చుకోరా, నా మాట విను" అంది అక్క, ముందుకి వచ్చి. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

అందరి కళ్లూ అతని మీదే. బావ చెయ్యి చాచి నిలబడ్డాడు. ఇంతమంది ముందు ఇస్తున్నాడంటే ఇందులో ఇంకెంత ఉందో! ఒక్క చేప పడి, ఆ దారం తెగితే, ఈ నవ్వు చచ్చేదాకా చెవుల్లో ఉంటుంది. చిక్కు తల అడ్డంగా ఊపాడు.

"నాది నాకుంది బావా. మీ దారం నాకొద్దు."

గట్టు మీద ఎవరూ నవ్వలేదు. అది నవ్వు కన్నా హీనంగా ఉంది. అక్క చెయ్యి దించేసి వెనక్కి వెళ్లి నిలబడింది.

రెండో చేప గేలానికి మూతి చీలి తప్పించుకుపోయింది. మూడోది పడనేలేదు. పరీక్ష ఇంకా ముప్పావుగంట ఉందనగా వడ్రంగి మూడో బాస్ ఎత్తి చూపించాడు. ఆఫీసరు వెళ్లి అతనికి చెయ్యిచ్చాడు. ఉద్యోగం, గట్టు మీద గది, తలుపు, అన్నీ అక్కడితో సరి.

జనం చెదిరిపోయారు. అక్క సామాను పట్టుకుని బండి దగ్గరికి నడిచింది. చిక్కు కర్ర మడుస్తుంటే బావ, క్లబ్బు మిత్రులూ అతని వెనకనుంచే వెళ్లారు. గొంతు తగ్గించాలని కూడా ఎవరికీ తోచలేదు.

"పందెం గెలిచావు గురూ. వీడు నిజంగానే కట్టుకోలేదు!" అన్నాడు ఒకడు.

"పన్నెండేళ్లు పెంచానురా వాణ్ణి. ఎక్కడ నొక్కితే ఎక్కడ కదులుతాడో నాకు తెలీదా?" అన్నాడు బావ. చిక్కు దగ్గర ఒక్క క్షణం ఆగి, ప్రేమగానే అన్నట్టు, డబ్బా అతని సంచీలో పెట్టాడు. "ఉంచుకో. ఇంటికెళ్లి ఎంతసేపు కావాలంటే అంతసేపు లాగి చూసుకో. దానికేమీ కాదు. చెడ్డది ఇచ్చుంటే ఆఫీసరు ముందు నా కొట్టు పరువు పోయేది. మంచిది ఇస్తే నీదే పోయింది."

ఇంటికి రాగానే చిక్కు తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. అక్క వెనక్కి తిరగకుండా గిన్నెలు కడుగుతోంది.

"అక్కా, బావ వాళ్లతో పందెం వేశాడు. నేను కట్టుకోనని తెలిసే ఇచ్చాడు" అన్నాడు.

"దారం మంచిదేనా కాదా?"

"మంచిదే, కానీ..."

"ఆయన ఇచ్చాడా లేదా? పరీక్ష మధ్యలో అందరి ముందూ మళ్లీ ఇచ్చాడా లేదా?"

చిక్కు దగ్గర చెప్పవలసింది పన్నెండేళ్లంత ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టినా చివరికి మంచి దారం దగ్గరికే వచ్చి ఆగుతోంది.

అక్క చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. "నీకోసం ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశానురా. ఈ ఒక్కసారికి వాణ్ణి ఏడిపించకండి, మంచిది ఇవ్వండి అని. ఇచ్చాడు. నువ్వు నలుగురిలో మీ దారం నాకొద్దని ఆయన మొహాన కొట్టావు. ఇన్నేళ్లూ తప్పు ఆయనదే అనుకున్నాను. నీలోనూ ఉందిరా తప్పు. వెళ్లి మీ బావకి తప్పయిందని చెప్పు."

"అక్కా!"

"చెప్పాకే అన్నం."

సోమవారం పొద్దున కొట్టు తీసేసరికి ముగ్గురు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. చిక్కు వెనక గదికి వెళ్లకుండా గల్లా బల్ల ముందు ఆగాడు. బావ తలెత్తి చూశాడు. అక్క లోపలి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"తప్పయింది బావా" అన్నాడు చిక్కు.

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కొనేవాళ్ల వైపు ఒకసారి చూశాడు.

"ఇంకొంచెం గట్టిగా చెప్పరా. వీళ్లకి వినపడలేదు."

చిక్కు అక్క వైపు చూశాడు. అక్క చెప్పమన్నట్టు తలూపింది. అతను గట్టిగా చెప్పాడు.