ముప్పై ఆరో ఫొటో

కెమెరా బల్ల మీద పెట్టి, “కడిగి ఉంచు” అన్నారు మావారు. విప్పిన చొక్కా గురించి కూడా అదే మాట అంటారు, అదే గొంతుతో. ఆయన పత్రికకు ఫొటోలు తీస్తారు. ఫిల్ము కడిగేది, ఫొటోలు వేసేది నేను. పదకొండేళ్ళుగా మా స్నానాలగదే నా ల్యాబు. కిటికీకి నల్ల దుప్పటి, తలుపు కింద సందులో పాత తువ్వాలు. ఆ చీకట్లో ఫిల్మును రీలుకు ఎక్కించి, డబ్బాలో పెట్టి మూత బిగించేదాకా నా ప్రాణం గుప్పిట్లోనే. సరిగ్గా అప్పుడే అత్తగారికి స్నానాలగది కావాల్సొస్తుంది.

“అమ్మాయ్, లోపల నిద్రపోయావా?”

“రెండు నిమిషాలు అత్తయ్యా, తలుపు మాత్రం తొయ్యకండి!”

మూత పడ్డాక వెలుతురుతో భయం లేదు. డబ్బా, గడియారం పట్టుకుని వంటింటి గట్టు దగ్గరికి వస్తాను. మందు పోసి ఎనిమిది నిమిషాలు, నిమిషానికోసారి డబ్బా తిరగేసి నిలబెట్టాలి. పాలు పొంగినా పొయ్యికి ఒక చెయ్యే దొరుకుతుంది. వడ్డించేటప్పుడు ఆయన ముక్కు చిట్లిస్తారు. “చేతులు సరిగ్గా కడుక్కోవచ్చుగా, మందు కంపు!” ఆ కంపు లేకపోతే మీ పేరు అచ్చయ్యేదా అని నోటిదాకా వస్తుంది. మింగేసి వడ్డిస్తాను.

ఫిల్ముకి ముప్పై ఆరు ఫొటోలు. ఆయన ముప్పై నాలుగుతో ఆపేస్తారు. చివరివి ఎలాగూ పాడవుతాయని ఆయన నమ్మకం. నా చేతిలో ఒక్కటీ పాడవలేదు. ఆ రెండూ నేను తీసుకుంటాను, గుట్టుగా. కిందటివారం అత్తగారు కట్టుడుపళ్ళు కడుగుతూ, బోసినోటితో నన్ను చూసి పకపకా నవ్వారు. చటుక్కున నొక్కాను. అది ముప్పై ఆరోది.

ఫిల్ములోని బొమ్మలన్నీ గోరంతగా ఒకే కాగితం మీద వేసి పత్రికకు పంపుతాం. నావి రెండూ ఎప్పుడూ వదిలేసేదాన్ని, కిందటివారం తొందరలో అవీ పడ్డాయి. ఈసారి సంపాదకుడు ఆ ఆఖరి బొమ్మ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడట. మావారు గాల్లో తేలుతూ వచ్చారు.

“ప్రదర్శనకి ఇదే పంపుతారట! ఇంత మనసుపెట్టి తీస్తావనుకోలేదయ్యా అన్నారు. ఎప్పుడు తీశానో నాకే గుర్తులేదు.”

“అది నేను తీశానండీ.”

ఆయన నవ్వారు. “నువ్వు తుడుస్తుంటే మీట నొక్కుకుపోయుంటుంది. దాన్ని తీయడమంటారా? సరే, పెద్దది వెయ్యి. అంచున ఏదో మరకుంది, కత్తిరించెయ్.”

అత్తగారి వైపు చూశాను. “పోనీలేవే, ఇంట్లోదేగా” అన్నారు, చీరకొంగు సర్దుకుంటూ. కొడుకు ముందు ఆవిడ ఎప్పుడూ పళ్ళు తీసి ఎరగరు. ఆ నవ్వు ఎవరిని చూసి నవ్వారో ఆవిడకు తెలుసు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కన్నా, ఇన్నేళ్ళు మింగుతూ కూర్చున్న నా మీదే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున ఇల్లు సద్దుమణిగాక స్నానాలగదిలో ఎర్రలైటు వేసి, బొమ్మ పడిన కాగితాన్ని మందులో వదిలాను. మొదట అత్తగారి బోసినోరు తేలింది, తర్వాత నవ్వుకి మూసుకుపోయిన కళ్ళు. ఆవిడ వెనక గోడకు అద్దం ఉంది. అంచున ఉన్నది మరక కాదు, అద్దం. అందులో ఒక మనిషి. భుజం మీద చేతిగుడ్డ, కెమెరాకి ఒక కన్ను ఆనించి, రెండోది చికిలించి. ఈ పళ్ళెంలో ఎంతమంది తేలారో లెక్కలేదు. నేను తేలడం ఇదే మొదలు. కత్తెర పక్కనే ఉంది. దాని జోలికి పోలేదు.

ఫొటో కడిగి, ఆరబెట్టి, చీర మార్చుకుని పత్రికాఫీసుకి నడిచాను.

మావారు సాయంత్రం వచ్చీ రాగానే అడిగారు. “ఫొటో ఏది? మరక తీసేశావా?”

“మరక కాదండీ, అద్దంలో నేను. వెనకాల నా పేరు రాసి ఇచ్చేసొచ్చాను.”